ముందు చెయ్యి పట్టి చూడండి

(తిరుపతిలో డయాగ్నస్టిక్ టెక్నీషియన్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మీ అందరికీ నమస్కారం. కోత లేకుండా నరాలు, రక్తప్రసరణ, మెదడు, తలతిరుగుడు ఎలా పరీక్షించాలో చెప్పమన్నారు. నాలుగూ చెబుతాను, సమానంగా మాత్రం చెప్పను. నరాల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కండరంలో సూది గుచ్చి చేసే ఈఎంజీ పరీక్ష జోలికి ఇవాళ పోను, చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, చిన్న షాకు ఇచ్చి, నరంలో అల ఎంత వేగంగా పోతుందో కొలిచే ఎన్‌సీఎస్ గురించే మాట్లాడతాను.

"చేతులు జోము పట్టినాయి సార్" అని ఒకాయన వస్తాడు. మార్గశిర మాసం, బండి మీద వచ్చాడు. మన ఏసీ గదిలో అరగంట కూర్చోబెట్టాం. చేతి చర్మం 28 డిగ్రీలకు దిగింది. మనం ఆ చెయ్యి పట్టి చూడలేదు, నేరుగా ఎలక్ట్రోడ్లు అంటించాం. ఇక లెక్క చూడండి. చెయ్యి ఒక్క డిగ్రీ చల్లబడితే నరంలో వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు తగ్గుతుంది, మణికట్టు దగ్గరి లేటెన్సీ, అంటే షాకు ఇచ్చాక అల రావడానికి పట్టే టైం, దాదాపు 0.2 మిల్లీసెకన్లు పెరుగుతుంది. 32 ఉండాల్సిన చోట 28 ఉంటే నాలుగు డిగ్రీల లోటు. 54 మీటర్ల వేగం 46 అయిపోయింది. 3.8 ఉండే లేటెన్సీ 4.6 అయింది. రిపోర్టులో కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు, అని పడింది. చెయ్యి కోయించుకునేదాకా పోవచ్చు ఆ మనిషి. జబ్బు ఆయన నరంలో లేదు, మన గదిలో ఉంది!

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మరిచిపోరు. నరం గోడలో సోడియం పోయే ద్వారాలు చలికి నిదానంగా తెరుచుకుంటాయి, మూసుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందుకే అల ఆలస్యంగా వస్తుంది, కానీ ఎత్తుగా, వెడల్పుగా వస్తుంది. లేటెన్సీ పెరిగింది, అల మాత్రం బలంగా ఉంది అంటే వెంటనే థర్మామీటరు అందుకోండి. దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. షుగరుతో నరపు పోగులు నిజంగా రాలిపోయి అల చిన్నదవ్వాల్సిన మనిషికి చలి ఆ అలను పెంచి చూపిస్తుంది. లేని జబ్బును పుట్టించినట్టే ఉన్న జబ్బునూ దాచేస్తుంది.

చేయాల్సింది ఇది. చేతి వెనక, చీలమండ బయటి వైపు చర్మపు థర్మామీటరు పెట్టండి. చేతికి 32, కాలికి 30 డిగ్రీలైనా ఉండాలి. లేకపోతే గోరువెచ్చని నీళ్ళ టబ్బులో ముంచండి, లేదా దుప్పటి చుట్టి కూర్చోబెట్టండి. పైచర్మం ముందు వేడెక్కుతుంది, లోపలి నరానికి ఇంకా టైం పడుతుంది. టబ్బులోంచి తీయగానే 32 కనిపించిందని తొందరపడొద్దు, మధ్యలో మళ్ళీ కొలవండి. తడి పూర్తిగా తుడవండి, తడి ఉంటే షాకు చర్మం మీదుగా పాకి అల మొదలే చెడిపోతుంది. షుగరు పాదాలకు స్పర్శ ఉండకపోవచ్చు, నీళ్ళు కాలుతున్నా వాళ్ళకు తెలీదు. ఆ నీళ్ళు ముందు మీ మోచేత్తో చూడాలి. వేడి సంచులు ఆ పాదాలకు తాకించవద్దు. చల్లని చేతిలో వచ్చిన అంకెలను సూత్రంతో సరిచేసుకుందామంటారు కొందరు. ఆ సూత్రాలు ఆరోగ్యంగా ఉన్న నరాల మీద కట్టినవి, జబ్బు చేసిన నరం వాటి మాట వినదు. వెచ్చబెట్టడమే మేలు.

టేపు సంగతి కూడా. పది సెంటీమీటర్ల దూరంలో ఒక్క సెంటీమీటరు తప్పు కొలిస్తే వేగంలో పది శాతం తేడా. చిటికెనవేలి వైపు పోయే అల్నార్ నరానికి మోచెయ్యి వంచి ఉంచాలి. చాచి కొలిస్తే నరం లోపల వదులుగా ముడుచుకుని ఉంటుంది, టేపుకు దూరం తక్కువ చిక్కుతుంది, వేగం అబద్ధంగా తగ్గుతుంది. అల పెరగడం ఆగేదాకా కరెంటు పెంచి, ఆపైన ఇంకో 20 నుంచి 30 శాతం ఇవ్వండి. నొప్పి పుడుతుందని జాలిపడి సగంలో ఆపితే నరం ఎండిపోయినట్టు రిపోర్టు వస్తుంది.

అరికాళ్ళు మంటలని ఏడ్చే అవ్వకు ఎన్‌సీఎస్ నార్మల్ రావచ్చు. మంట, వేడి, చలి మోసే సన్న పోగులు ఈ పరీక్షకు అందవు. ఆమెతో "నీకేం లేదు" అనకండి.

ఇక రక్తప్రసరణ. అలిపిరి మెట్లు 3550. ఎక్కుతుంటే పిక్క పట్టేస్తుంది, రెండు మూడు నిమిషాలు నిలబడితే వదులుతుంది, మళ్ళీ ఎక్కితే మళ్ళీ పట్టేస్తుంది అంటే నరాల కంటే ముందు రక్తనాళాన్ని అనుమానించాలి. పది నిమిషాలు పడుకోబెట్టి, రెండు చేతులకూ, రెండు చీలమండలకూ రక్తం పారే చప్పుడు వినిపించే పెన్ను డాప్లర్‌తో పై బీపీ తీయండి. ఒక్కో కాలికి విడిగా, చీలమండలో ఎక్కువ అంకెను చేతుల్లో ఎక్కువ అంకెతో భాగించండి. 98ని 140తో భాగిస్తే 0.70. 0.90, అంతకన్నా తక్కువ అయితే నాళం మూసుకుపోతున్నట్టు. షుగరు మనిషికి 220 బై 140, అంటే 1.57 వచ్చిందనుకోండి. రక్తం బ్రహ్మాండంగా పారుతోందని రాయకండి! నాళం గోడలో సున్నం పేరుకుని పట్టీ ఎంత బిగించినా నలగడం లేదు. 1.4 దాటితే కాలి బొటనవేలి ప్రెషరు తీయాలి. ఆ వేలు చల్లగా ఉంటే నాళాలు ముడుచుకుని అంకె తప్పుతుంది. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాను.

మెదడు పరీక్షకు, అంటే ఈఈజీకి, తలకు నూనె ఉండకూడదు, ముందురోజు తలంటుకుని రావాలి. మన ఊళ్ళో ఇంకో సంగతి ఉంది. కొండమీద తలనీలాలిచ్చి వచ్చిన వాళ్ళకు ఎలక్ట్రోడ్లు హాయిగా కూర్చుంటాయి, కానీ తలకు పూసిన గంధం పొర పూర్తిగా తుడవాలి. ప్రతి ఎలక్ట్రోడ్ దగ్గరా నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపు రావాలి. చలికి మనిషి వణికితే కండరాల గీతలు మెదడు గీతలను ముంచేస్తాయి, దుప్పటి కప్పండి. ఒకసారి ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేదని కాదు, ఆ మాట ఇంటివాళ్ళకు డాక్టరు గారి చేత చెప్పించండి.

తలతిరుగుడుకు టైం చాలడం లేదు. పక్క మీద దొర్లితే, తల పైకెత్తితే కొద్ది సెకన్లు గిర్రున తిరుగుతుందంటే డిక్స్ హాల్‌పైక్ అనే పరీక్ష చాలు, యంత్రం అక్కర్లేదు. తల 45 డిగ్రీలు పక్కకు తిప్పి, వేగంగా వెనక్కి పడుకోబెట్టి, కళ్ళు అదురుతున్నాయేమో నిమిషంపాటు చూడాలి. మెడ జబ్బు ఉందేమో ముందే అడగండి. చెవిలో నీళ్ళు పోసి కళ్ళ కదలిక చూసే కెలోరిక్ పరీక్షలో అసలు మందే ఉష్ణోగ్రత. శరీరం 37, నీళ్ళు ఒకసారి 30, ఇంకోసారి 44. రెండు చెవులకూ అవే అంకెలు ఉండాలి. ముందు చెవిలో గుమిలి తీయించాలి, కర్ణభేరికి చిల్లు ఉంటే నీళ్ళు పోయకూడదు. తలతిరుగుడు మాత్రలు వేసుకుంటుంటే ఎన్ని రోజులు ముందు ఆపాలో డాక్టరునే అడగమనండి. తలతిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా పరీక్షల గదిలో కూర్చోబెట్టకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

మీ రిపోర్టు ఫారాల్లో పేరు, వయసు ఉన్నాయి, ఎత్తు కూడా ఉంది. చర్మపు ఉష్ణోగ్రతకు గడి లేదు. ఇవాళే పెన్నుతో గీసుకోండి, మీ సంస్థవాళ్ళు అచ్చు వేయించేదాకా ఆగొద్దు. అక్కడ బల్ల మీద రెండు థర్మామీటర్లు, టబ్బు పెట్టించాను. ఇద్దరిద్దరుగా రండి. ఒకరి చెయ్యి ఐసు నీళ్ళలో ముంచి ఒకసారి, వెచ్చబెట్టి ఇంకోసారి మణికట్టు మధ్యగా పోయే మీడియన్ నరం అల తీద్దాం. రెండు గీతలూ మీ చేతులతో మీరే కొలవండి.