పక్కన పడుకున్నవారే సాక్షులు

సభకు నమస్కారం. ‘గురకపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే మన వాడుకలో ఒళ్లెరగని నిద్రలో ఉన్నాడనే అర్థం. ఆ మాట చాటున ఒక జబ్బు ఏళ్ల తరబడి దాగి ఉంటోంది గనుక, నిద్ర రుగ్మతల గురించిన ఈ ప్రసంగాన్ని గురకతోనే మొదలుపెడుతున్నాను.

అర్ధరాత్రి మెలకువ వచ్చిన ఇల్లాలికి ఈ దృశ్యం తెలుసు. ఎడతెగని గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. భర్త ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి గాని, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. ఆమె భయంతో ఇరవై దాకా లెక్కపెట్టేసరికి అతడు ఉలిక్కిపడి, పెద్దగా ఊపిరి పీల్చి, పక్కకు ఒత్తిగిలి మళ్లీ గురక అందుకుంటాడు. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోవడం వల్ల వచ్చే ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు 30 సార్లు జరిగితే అది తీవ్రమైనదే. ప్రతిసారీ మెదడు అతణ్ణి క్షణకాలం లేపి కాపాడుతుంది. ఆ మెలకువ మాత్రం అతనికి గుర్తుండదు. అందుకే, రాత్రంతా హాయిగా పడుకున్నానని నమ్ముతూనే తలనొప్పితో, ఎండిన నోటితో లేస్తాడు, పగలు కూర్చున్నచోటే కునుకుతాడు. బండి నడిపేటప్పుడు పట్టే కునుకును తలచుకుంటేనే నాకు భయం. ఆడవారిలో గురక కన్నా అలసట, నిద్ర సరిగా పట్టకపోవడమే ముందుకు వస్తాయి కాబట్టి, వారి జబ్బు మరింత ఆలస్యంగా బయటపడుతుంది.

నిద్రలేమి సంగతి వేరు. అది పడేవారికే తెలుస్తుంది. పడుకునే వీలుండీ వారానికి 3 రాత్రులైనా, 3 నెలలపాటు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా పరిగణిస్తారు.

సాయంత్రమయ్యేసరికి కాళ్లు పీకుతున్నాయనీ, లోపల ఏదో పాకుతున్నట్టుందనీ, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గి పడుకోగానే మళ్లీ మొదలవుతుందనీ చెప్పే అమ్మలు ఎందరో. రెస్ట్‌లెస్ లెగ్స్ అనే ఈ రుగ్మతకు కొందరిలో శరీరంలో ఇనుము నిల్వలు తగ్గడం కారణం. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష ఆ సంగతి చెబుతుంది. పని అలసట అని కొట్టిపారేయడం వారికి అన్యాయం చేయడమే.

యాభై దాటిన మనిషి కలలో కొట్లాడుతున్నట్టు అరుస్తూ, చేతులూ కాళ్లూ విసురుతుంటే పీడకల అని వదిలేయకండి. కొందరిలో అది పార్కిన్సన్స్ జబ్బుకు ఏళ్ల ముందే కనిపించే సూచన.

గురక మనిషికి సొంతంగా నిద్రమాత్రలు ఇవ్వకండి. అవీ, మద్యమూ శ్వాసను మరింత అణచవచ్చు. ఆగిన ఊపిరిని ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి, డాక్టరు దగ్గరికి ఆయనతోపాటు మీరూ వెళ్లండి. రాత్రి ఏం జరిగిందో ఆయనకు తెలియదు, మీకు తెలుసు.