ఖాళీ పేజీల కేస్ బుక్

ప్రిన్సిపాల్ గారికి, తోటి ట్యూటర్లకి, ఎదురుగా కూర్చున్న మా పిల్లలకి నమస్కారం.

మే 12, నర్సుల దినోత్సవం అనగానే అందరికీ దీపం, ప్రతిజ్ఞ గుర్తొస్తాయి. నాకు 2020 గుర్తొస్తుంది. ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాదిని నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా ప్రకటించింది. మార్చి తిరక్కుండానే కరోనాతో హాస్టల్ ఖాళీ అయింది. ఇక క్లాసులన్నీ ఫోన్లోనే. ఒకమ్మాయి రోజూ పది దాటగానే మాయమయ్యేది. ఏమిటని అడిగితే, "ఫోన్ నాన్నది మేడమ్, పదింటికి పొలానికి తీసుకెళ్తారు" అంది. ఇంకా ఏమంటాను!

ఫీజుల బాధ, వాయిదా పడుతున్న పరీక్షల బాధ, 'ఈ చదువు మానేసి వచ్చెయ్యమ్మా' అనే అమ్మానాన్నల బాధ మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే.

2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి చివరి ఏడాది అమ్మాయి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "పాసైపోతానేమోనని భయంగా ఉంది మేడమ్" అంది. ఫెయిలవుతామని ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఇలా ఏడ్చిన పిల్లను అదే చూడటం. విషయం ఏమిటంటే, అప్పటి సిలబస్ ప్రకారం 20 మామూలు కాన్పులు సొంతంగా చేసి కేస్ బుక్‌లో రాయాలి. కాలేజీ మధ్యలో తెరిచిన కొద్ది రోజుల్లో తను చేసినవి ఆరు. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు పెరీనియానికి, అంటే యోనికి దిగువనున్న భాగానికి, చెయ్యి ఆనిస్తాం చూడండి, ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్నది చేతికి తెలియాలి. వీడియోలో వందసార్లు చూసినా అది రాదు. ఒక కాలేజీలో, పేరెందుకులెండి, పాత బ్యాచ్ పుస్తకం చూసి మిగతా పేజీలు నింపేయమన్నారట. ఆ పిల్ల భయమే సరైనదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

మే 3న కేంద్రం నుంచి ప్రకటన వచ్చింది. చివరి పరీక్షలకు ఎదురుచూస్తున్న జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ పిల్లల్ని కూడా సీనియర్ల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీకి వాడుకోవచ్చని. నిన్నటిదాకా 'స్టూడెంట్లు వార్డులోకి రావద్దు' అన్నవాళ్లే ఇవాళ రమ్మన్నారు! నాకు ఫోన్ చేసిన ఆ అమ్మాయి వెళ్లింది. మొదటి రోజే క్యాన్యులా, అంటే మందులెక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, వేయమన్నారు. కళ్లద్దాల నిండా ఆవిరి, చేతికి రెండు జతల గ్లవ్స్. వెయిన్ కనబడదు. "కంటితో కాదే, వేలితో వెతుకు" అని పక్కనున్న సిస్టర్ చెబుతున్నా మొదటిసారి తప్పింది. ఆక్సిజన్ మాస్కులోంచే ఆ పెద్దాయన, "పర్లేదమ్మా, ఇంకో చెయ్యి ఉందిగా" అన్నాడట. రెండో చేతికి పడింది.

పరీక్షలయ్యాయి, పాసైంది. ఆ తర్వాత ఉద్యోగంలో చేరిన చోట లేబర్ రూమ్ నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుని, మిగిలిన 14 కాన్పులు చేసింది. మామూలు నోట్‌బుక్‌లో వరుసగా రాసుకుంది. ఆ పుస్తకం ఎవరూ దిద్దలేదు, దానికి మార్కులూ లేవు. నాకు చూపించడానికి మాత్రం తెచ్చింది. పద్నాలుగో పేజీలో బిడ్డ బరువు కొట్టేసి మళ్లీ రాసింది. మొదట తప్పు చూశానని పక్కనే చిన్నగా రాసుకుంది కూడా.

సరే, భోజనాల టైమైంది. చివరి ఏడాది వాళ్లూ, మధ్యాహ్నం రెండింటికి మీకు లేబర్ రూమ్ పోస్టింగ్ ఉంది. కేస్ బుక్కులు ఖాళీగానే పట్టుకురండి.