ఓడితే ఇంటికే అన్న భయం ఏమైంది?

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తరువాత ప్రసంగం పెడితే సగం మంది కునుకు తీస్తారని నిర్వాహకులు నన్ను ముందే హెచ్చరించారు. అందుకని ఒక చిన్న పరీక్షతో మొదలుపెడతాను. గేలిక్ ఆటల పెద్ద మైదానం క్రోక్ పార్క్ లోపలికి ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. పరవాలేదు, చాలామందే ఉన్నారు. ఇప్పుడు సంగీత కచేరీకి వెళ్ళినవాళ్ళు చేతులు దించండి. చూశారా, నాలుగో ఐదో మిగిలాయి. ఈ డబ్లిన్‌లో మనం పదేళ్ళ నుంచి, పదిహేనేళ్ళ నుంచి ఉంటున్నాం. మన పిల్లలు బడిలో హర్లింగ్ కర్ర పట్టుకుని ఇంటికి వస్తున్నారు. మనకేమో ఆ మైదానం కచేరీలు జరిగే చోటు.

మనం వెళ్ళకపోవడంలో వింత లేదు. ఆ ఆట మనకు పుట్టుకతో వచ్చింది కాదు. వింతల్లా ఏమిటంటే, పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా కొన్ని మ్యాచ్‌లకు వెళ్ళడం మానేశారు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్లో, మైకేల్ క్యూసాక్, మోరిస్ డేవిన్ మరికొందరితో కలిసి గేలిక్ అథ్లెటిక్ సంఘాన్ని పెట్టారు. దానినే అందరూ జీఏఏ అంటారు. అది నడిపే ఆటల్లో ముఖ్యమైనవి రెండు. కర్రతో ఆడేది హర్లింగ్, చేతులూ కాళ్ళూ రెండూ వాడేది గేలిక్ ఫుట్‌బాల్. ఆటగాళ్ళకు జీతం లేదు. శనివారం 40 వేల మంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బడిలో లెక్కలు చెబుతాడు, లేకపోతే ఆవుల పాలు పితుకుతాడు. ఆటగాళ్ళను కొనడం, అమ్మడం అన్న మాటే లేదు. పెరిగిన ఊరి క్లబ్బుకు, ఆ కౌంటీకి ఆడతారు. కాబట్టి మైదానంలో ఉన్నది ప్రేక్షకుడికి ఎవరో తార కాదు, మేనత్త కొడుకో, ఎదురింటి ఎలక్ట్రీషియనో అయి ఉంటాడు. ఇంత దగ్గరి బంధం ఉన్న ఆటకు జనం ఎందుకు తగ్గుతారు?

ముందుగా అందరూ టీవీని తిడతారు. ఆ తిట్టు చాలా పాతది. 1926లో హర్లింగ్ సెమీఫైనల్‌ను రేడియోలో చెప్పినప్పుడు కూడా, ఇక మైదానానికి ఎవరు వస్తారని బెంగపడినవాళ్ళు ఉన్నారు. జనం పెరిగారే కానీ తగ్గలేదు. 1961 ఫుట్‌బాల్ ఫైనల్లో డౌన్, ఆఫలీ జట్లు తలపడితే 90,556 మంది వచ్చారు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మరుసటి ఏడాదే ఫైనల్ టీవీలో నేరుగా చూపించడం మొదలైంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, చూశారా టీవీ వచ్చి చంపేసింది అనేవాళ్ళు ఉన్నారు. కానీ తరువాత ఫైనల్ జరిగే క్రోక్ పార్క్‌ను మార్చి కట్టారు, నిలబడే చోట కుర్చీలు వచ్చాయి. ఇప్పుడు పట్టేదే 82,300 మంది. ఫైనల్‌కు అంతమందీ వస్తారు, టికెట్టు కోసం తెలిసినవాళ్ళందరినీ బతిమాలతారు కూడా.

అయినా ఫైనల్‌ను చూసి ఆట ఆరోగ్యం చెప్పడం, పెళ్ళిరోజు చూసి కాపురం చెప్పడం లాంటిదే. మే నెలలో ఒక మామూలు ఆదివారం, వాన తుంపరలో, రెండు మధ్యరకం జట్లు ఆడుతుంటే ఎవరు వచ్చారో చూడాలి. అక్కడే కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయి, అదీ ఫుట్‌బాల్‌లో. హర్లింగ్ సంగతి తరువాత చెబుతాను.

2000 వరకు ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ నియమం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఓడావా, ఇంటికి పో. మేలో మొదటి మ్యాచ్ ఓడిన కౌంటీకి వేసవి అక్కడితో సరి. క్రూరమే. ఏడాదంతా చలిలో సాధన చేసినవాళ్ళకు ఒకే ఒక్క మ్యాచా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని 2001లో ఓడినవాళ్ళకు మరో దారి తెరిచారు. జనం దానికి వెనక తలుపు అని పేరు పెట్టారు. ఆ మొదటి ఏడాదే గాల్వే జట్టు ఆ తలుపులోంచి వచ్చి కప్పు ఎత్తుకుపోయింది. అందరికీ ముచ్చటేసింది.

కానీ మా పక్కింటి పెద్దాయన అప్పటి మాట ఒకటి చెబుతూ ఉంటాడు. ఆయనది మేయో కౌంటీ. 1951 తరువాత మేయోకు ఫుట్‌బాల్ కప్పు దక్కలేదు, ఎన్ని ఫైనళ్ళకు వెళ్ళినా సరే. అంటే ఓటమి గురించి మాట్లాడే అర్హత ఉన్న మనిషి. ‘పాత రోజుల్లో మొదటి మ్యాచ్ వారంలో మా నాన్నకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఓడినా ఇంకొకటి ఉంటుందిలే అని నేను టీ పెట్టుకుంటున్నాను’ అంటాడు.

ఆ టీ కప్పులోనే ఉంది అసలు సంగతంతా. 2018లో క్వార్టర్ ఫైనళ్ళు తీసేసి ఎనిమిది జట్లను రెండు గుంపులుగా ఆడించారు. మ్యాచ్‌లు పెరిగితే ఆదాయం, ఆసక్తి పెరుగుతాయనుకున్నారు. రెండేళ్ళకే మోజు తీరింది. 2023లో మరింత ముందుకు వెళ్ళారు. 16 జట్లు, నాలుగు గుంపులు, ప్రతి గుంపులో నలుగురిలో ముగ్గురు పై దశకు. లెక్క వేయండి. 24 మ్యాచ్‌లు ఆడి నాలుగు జట్లను ఇంటికి పంపారు! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడినా మూడోది గెలిచి బతికిపోయే అవకాశం ఉన్నప్పుడు, 200 కిలోమీటర్లు కారు నడిపి పిల్లలను వెంటేసుకుని ఎవరు వెళతారు? ఆ గుంపుల పద్ధతికి 2025తోనే స్వస్తి చెప్పారు.

రెండో ముడి డబ్లిన్. మనం ఉంటున్న ఊరు కాబట్టి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. 2011 నుంచి 2024 వరకు వరసగా 14 సార్లు లెన్‌స్టర్, అంటే డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీల ప్రాంతం, దాని కప్పు డబ్లిన్‌దే. 2015 నుంచి 2020 వరకు వరసగా ఆరుసార్లు మొత్తం ఐర్లండ్ కప్పూ దానిదే. గొప్ప జట్టు, సందేహం లేదు. 2019 లెన్‌స్టర్ ఫైనల్లో మీత్ జట్టు మ్యాచ్ మొత్తంలో చేసింది నాలుగు పాయింట్లు. గోలుకు మూడు లెక్కన డబ్లిన్ చేసింది 20. అలాంటి మ్యాచ్‌కు మళ్ళీ రమ్మని మీత్ రైతును ఎలా పిలుస్తారు? డబ్లిన్‌వాళ్ళకు కూడా విసుగు పుట్టింది. గెలుస్తామని తెలిసిన మ్యాచ్‌కు వెళ్ళడం ఎందుకు, ఆగస్టులో చూద్దాంలే అనుకున్నారు.

2024 లెన్‌స్టర్ ఫైనల్ డబ్లిన్‌కు, లౌత్‌కు మధ్య జరిగింది. 82 వేలు పట్టే మైదానానికి పాతిక వేల మంది కూడా రాలేదు. మరుసటి ఏడాది సెమీఫైనల్లో మీత్ చేతిలో డబ్లిన్ ఓడింది. ఫైనల్లో లౌత్, మీత్. రాజధాని జట్టు లేదు, పెద్ద పేరున్న తారలు లేరు. వచ్చినవాళ్ళు 65 వేలు దాటారు. లౌత్ గెలిచింది, 1957 తరువాత మొదటిసారి. లౌత్ వైశాల్యంలో ఐర్లండ్ మొత్తంలోకీ అతి చిన్న కౌంటీ. ఆ రోజు టీవీలో ముసలివాళ్ళు ఏడుస్తుంటే మా ఇంట్లో మా అమ్మాయి అడిగింది, వీళ్ళు గెలిచారా ఓడారా అని.

ఆట తీరు కూడా కొంత కారణమే. 2011 సెమీఫైనల్లో డోనెగల్ జట్టు ఉన్నవాళ్ళందరినీ తన గోలు ముందు కోటగోడలా నిలబెట్టింది. ఆ మ్యాచ్ 8-6తో ముగిసింది. తరువాత దాదాపు అందరూ అదే నేర్చుకున్నారు. బంతిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేతులతో అందించుకుంటూ నిమిషాలు గడిపేవారు. చివరికి డబ్లిన్ మాజీ శిక్షకుడు జిమ్ గావిన్ నాయకత్వంలో సంఘం వేసిన కమిటీ నియమాలను తిరగరాసింది. 2025 నుంచి 40 మీటర్ల అవతలి నుంచి కొడితే ఒకటికి బదులు రెండు పాయింట్లు. ప్రతి జట్టూ కనీసం ముగ్గురిని ఎదుటివాళ్ళ సగంలో ఉంచాలి. ఆట ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది.

ఇక హర్లింగ్. జనం తగ్గుతున్నారు అని గుండుగుత్తగా అనేవాళ్ళను నేను దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతానికి తీసుకువెళతాను. అక్కడ ఐదు జట్లు: కార్క్, లిమరిక్, క్లేర్, టిప్పరరీ, వాటర్‌ఫర్డ్. 2018 నుంచి అందరూ అందరితో ఆడతారు. రెండు సొంత ఊళ్ళో, రెండు బయట. అక్కడా మ్యాచ్‌లు పెంచారు, కానీ ఐదుగురిలో ఇద్దరు మే నెల చివరికి ఇంటికి పోవలసిందే. ఆ ఐదూ కప్పు గెలవగలిగిన జట్లే అనిపిస్తాయి. 2024లో టిప్పరరీ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, అట్టడుగున మిగిలింది. 2025లో అదే టిప్పరరీ ఐర్లండ్ కప్పు గెలిచింది. అలాంటి చోట ఎవరు టీ పెట్టుకుని కూర్చుంటారు? థర్లెస్‌లో, కార్క్‌లో, లిమరిక్‌లో మైదానాలు కిక్కిరిసిపోతున్నాయి. టికెట్టు ధర, టీవీ, వాన అన్నీ అక్కడా ఉన్నాయి.

మైదానం గురించి ఒక కథ చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టం. 2018 జూన్‌లో కిల్డేర్‌కు మేయోతో మ్యాచ్ పడింది. చీటీలో సొంత ఊరు వచ్చింది. న్యూబ్రిడ్జ్‌లో మైదానం చిన్నది, ఎనిమిది వేల మందికి కాస్త ఎక్కువ పడతారు. ఎక్కువమంది చూడాలి కదా అని సంఘం మ్యాచ్‌ను క్రోక్ పార్క్‌కు మార్చింది. కిల్డేర్ శిక్షకుడు కియాన్ ఓనీల్ ఒప్పుకోలేదు. న్యూబ్రిడ్జ్‌లో ఆడతాం, లేకపోతే ఎక్కడా ఆడం అన్నారు. రాకపోతే మేయో గెలిచినట్టు ప్రకటిస్తామని బెదిరించినా జంకలేదు. దేశమంతా కిల్డేర్ వైపు నిలబడింది, చివరికి సంఘమే దిగివచ్చింది. జూన్ 30 సాయంత్రం ఆ చిన్న మైదానం కంచెల దాకా నిండిపోయింది. కిల్డేర్ రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. అదే మ్యాచ్ క్రోక్ పార్క్‌లో ఆడి ఉంటే బహుశా రెండింతల మంది వచ్చేవారు, మైదానం మాత్రం ముప్పాతిక ఖాళీగా ఉండేది. లెక్కల పుస్తకంలో అది ఎక్కువే. మా పక్కింటాయన ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం న్యూబ్రిడ్జ్ గురించే, తన జట్టు ఓడిన మ్యాచ్ అయినా.

మిగతా ఫిర్యాదులు మీకు తెలిసినవే. 2022 నుంచి ఫైనళ్ళు జూలైలోనే అయిపోతున్నాయి, అంతకుముందు తరతరాలుగా ఎక్కువగా సెప్టెంబరులో జరిగేవి. క్లబ్బు ఆటగాళ్ళకు మిగతా ఏడాది దక్కింది, అది మంచిదే. కానీ వారం వారం మ్యాచ్ పెడితే నలుగురున్న కుటుంబం ఏదో ఒకటే ఎంచుకుంటుంది. కోవిడ్ తరువాత చాలా మ్యాచ్‌లకు గేటు దగ్గర డబ్బు తీసుకోవడం లేదు. ఫోనులో టికెట్టు కొనడం రాని 80 ఏళ్ళ మనిషి, జీవితమంతా ఆ గేటులోంచి నడిచిన మనిషి, మనవడిని అడగాలి. కొన్ని మ్యాచ్‌లకు ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి చూడాలి. వీటిని సరిచేయడం కష్టమేమీ కాదు. ఓడితే ఏమవుతుందో అన్న బెంగ పోతే తిరిగి తేవడం కష్టం. జీఏఏ అధికారులు ఎవరైనా ఈ హాలులో ఉంటే, టీవీ మీద నింద వేసే ముందు పోటీల పట్టిక ఒకసారి చూడమంటాను. లేరని తెలుసు, అయినా అంటాను.

మన సంగతికి వస్తే, మన పిల్లల్లో ఇద్దరు మా పేట క్లబ్బు పన్నెండేళ్ళ లోపు జట్టులో ఆడుతున్నారు. వచ్చే శనివారం పొద్దున పదకొండు గంటలకు మ్యాచ్. టికెట్టు లేదు, కుర్చీలూ లేవు. గొడుగు తెచ్చుకోండి. పక్క పేట జట్టుతో పోయినసారి ఒక్క పాయింటు తేడాతో ఓడాం, కాబట్టి మావాళ్ళకు ఈ వారం అన్నం సహించడం లేదు.