స్వీప్ చేసిన వేరియబుల్ విలువను ఫలితాల లెక్కలో ఎలా వాడాలి?

[తెర మీద: ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, సీఎల్ అనే డిజైన్ వేరియబుల్‌తో కెపాసిటర్]

నమస్కారం. సర్క్యూట్లను డిజైన్, సిమ్యులేట్ చేసే క్యాడెన్స్ వర్చువోసో సాఫ్ట్‌వేర్‌లో ఈ సర్క్యూట్‌కు సీఎల్ విలువను 1 పికోఫారడ్ నుంచి 10 పికోఫారడ్‌ల వరకు పారామెట్రిక్ స్వీప్ చేద్దాం, అంటే విలువను మార్చుతూ ఒక్కో విలువకు సిమ్యులేషన్‌ను విడిగా నడుపుదాం. బ్యాండ్‌విడ్త్, అంటే ఫిల్టర్ దాటనిచ్చే పౌనఃపున్యాల మేర, 15.9 మెగాహెర్ట్జ్ నుంచి 1.59 మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది. ఇప్పుడు మనకు కావలసింది బ్యాండ్‌విడ్త్‌ను, ఆ పాయింటులో ఉన్న సీఎల్ విలువతో గుణించిన లబ్ధం. అది ప్రతి పాయింటులోనూ 15.9 మైక్రోసీమెన్స్ దగ్గరే ఉండాలి, ఎందుకంటే అది రెసిస్టర్ మీద మాత్రమే ఆధారపడుతుంది.

ఎక్స్‌ప్రెషన్‌లో సీఎల్ అని నేరుగా రాస్తే, ఫలితాలను లెక్కించే వర్చువోసో కాలిక్యులేటర్ దానిని డిజైన్ వేరియబుల్‌గా గుర్తించదు; అన్‌బౌండ్ వేరియబుల్ (విలువ లేని వేరియబుల్) అనే ఎర్రర్ వస్తుంది. ఆ చోట 1 పికో అని అంకె వేస్తే ఎర్రర్ పోతుంది గాని, చివరి పాయింటులో 1.59 మైక్రో అనే తప్పు సమాధానం వస్తుంది. సరైన పద్ధతి వార్ (VAR) ఫంక్షన్: కుండలీకరణాల్లో, డబుల్ కోట్స్ మధ్య వేరియబుల్ పేరు రాస్తే, ఏ పాయింటు ఫలితాన్ని లెక్కిస్తున్నామో ఆ పాయింటు విలువను అది తెచ్చి ఇస్తుంది.

[తెర మీద: వీడీడీ అనే వోల్టేజీ సోర్సు, 1 కిలోఓమ్ రెసిస్టర్]

నా ఉద్దేశంలో అసలు జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. వీడీడీ డిజైన్ విలువ 1.8 వోల్టులు. ఈసారి పారామెట్రిక్ స్వీప్ కాకుండా, డీసీ అనాలిసిస్‌లోనే వీడీడీని 0 నుంచి 1.8 వరకు స్వీప్ చేసి, రెసిస్టర్ కరెంటును వార్ ఇచ్చే వీడీడీతో గుణించి పవర్ గీద్దాం. ఎర్రర్ ఏదీ రాదు. కాని 0.9 వోల్టుల దగ్గర కరెంటు 0.9 మిల్లీయాంపియర్లు కాగా, రావలసిన పవర్ 0.81 మిల్లీవాట్లు, తెర మీద కనబడేది 1.62. పారామెట్రిక్ స్వీప్‌లో ప్రతి విలువా తన ఫలితాలు తనకున్న వేరే పాయింటు, కనుక వార్‌కు సరైన విలువ దొరుకుతుంది. డీసీ స్వీప్‌లోనైతే మొత్తం ఒకే పాయింటు. వీడీడీ ఆ వేవ్‌ఫారమ్‌కు ఎక్స్ అక్షంగా మారిపోతుంది, వార్ మాత్రం డిజైన్ వేరియబుల్స్ పట్టికలోని 1.8 నే చదువుతుంది.

[తెర మీద: తప్పు గీత, సరైన వక్రరేఖ ఒకదానిపై ఒకటి]

అందుకే ఇక్కడ ఎక్స్‌వాల్ (xval) ఫంక్షన్ వాడాలి. కరెంటు వేవ్‌ఫారమ్‌ను దానికి ఇస్తే, ఆ వేవ్‌ఫారమ్ ఎక్స్ అక్షపు విలువలను, అంటే స్వీప్ అయిన వీడీడీని, తిరిగి ఇస్తుంది. దానితో కరెంటును గుణిస్తే పవర్ వోల్టేజీ వర్గానికి అనుపాతంలో వంపు తిరిగి పెరుగుతుంది, తప్పు లెక్కలో అది సరళరేఖగా ఉంటుంది. రెండూ 1.8 వోల్టుల దగ్గర 3.24 మిల్లీవాట్లలో కలుస్తాయి, కనుక చేతి లెక్కతో సరిచూసేటప్పుడు చివరి పాయింటును కాక మధ్యలోని ఒక పాయింటును తీసుకోండి.