కీటో మొదలుపెట్టే ముందు: శ్రీకాకుళం స్టూడియోలో చర్చ

(‘అన్నం మానండి, నెలలో పది కిలోలు తగ్గండి’ అని ఊళ్లో ఒక జిమ్ కట్టిన ఫ్లెక్సీ మీద వాట్సాప్‌లో రగడ మొదలైంది. ఆ ఫ్లెక్సీ చెప్పేది కీటో గురించే, అంటే పిండి పదార్థాలు (కార్బ్స్) బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి. దాని మీద లోకల్ కేబుల్ ఛానల్ పెట్టిన చర్చ ఇది. జిమ్ కోచ్, డైటీషియన్, డాక్టర్ ముగ్గురూ ఒకేసారి అరిచిన చోట వినపడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఇరువైపులా సమానంగా టైమ్ ఇస్తాం. ముందు ఒక్కటే అడుగుతా. కీటోలో పలాస జీడిపప్పు తినొచ్చా, కూడదా? జిల్లా పరువు విషయం.

కోచ్: నిక్షేపంగా తినొచ్చండి. కొవ్వే కదా...

డైటీషియన్: ఆగండి. వంద గ్రాముల జీడిపప్పులో కార్బ్స్ 30 గ్రాముల దాకా ఉంటాయి. కీటోలో రోజు మొత్తానికి ఉండేదే 20 నుంచి 50. టీవీ చూస్తూ గుప్పెడు నమిలితే తొమ్మిది పోయినట్టే.

కోచ్: గుప్పెళ్లు తినమని ఎవరన్నారు మేడమ్? అసలు సంగతి వినండి. మా దగ్గర మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గుతారు. కాటా అబద్ధం చెప్పదు!

డాక్టర్: తగ్గిన దాంట్లో ఎక్కువ నీరేనండి. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని నిల్వ ఉంటుంది. గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపితే నిల్వ కరుగుతుంది, నీరు బయటికి పోతుంది. మళ్లీ నాలుగు రోజులు అన్నం తింటే ఆ బరువు...

కోచ్: ఎందుకు తింటారండీ? మా మెంబర్లు తినరు!

యాంకర్: పలాస వైపు నుంచి రైతు గారొచ్చారు. మీరేమంటారు?

రైతు: కీటో సంగతి నాకు తెలీదు బాబూ. 80 కిలోల జీడిపిక్కల బస్తాకి 16 వేలు ఇమ్మని అడుగుతున్నాం. అది ఇప్పించండి ముందు.

యాంకర్: చాలా ముఖ్యమైన పాయింట్. కీటో వల్ల జీడిపప్పు గిరాకీ పెరుగుతుందా?

(ఇక్కడ పిక్కల ధర, విదేశీ పిక్కల దిగుమతి మీద చాలాసేపు నడిచింది. కీటో ఊసే లేదు.)

డైటీషియన్: అసలు విషయానికి వద్దామా? నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. అందుకే మొదటి వారంలో తలపోటు, నీరసం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం...

రైతు: పిక్కలా?

డైటీషియన్: కాలి పిక్కలండి.

కోచ్: దానికి మేం కొబ్బరి బొండం ఇస్తాం. ఉద్దానం బొండం, నేచురల్!

డైటీషియన్: గ్లాసు కొబ్బరి నీళ్లలో దాదాపు తొమ్మిది గ్రాముల కార్బ్స్ ఉంటాయి.

డాక్టర్: కార్బ్స్ ఒక్కటే కాదు, పొటాషియం కూడా ఎక్కువ. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకి కొత్తగా చెప్పాలా? ముదిరేదాకా చాలామందికి తెలియదు. అలాంటివాళ్లకి పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష...

యాంకర్: కిడ్నీ అన్నారు కాబట్టి, 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఆ ఊళ్లకి హిరమండలం రిజర్వాయర్ నుంచి కుళాయి నీళ్లూ వచ్చాయి. ఇప్పుడు నీళ్లు బాగున్నాయా?

రైతు: మా వీధికి ఓ రోజొస్తాయి, ఓ రోజు రావు.

డాక్టర్: నా మాట పూర్తి కానివ్వండి...

కోచ్: సార్, మీరు జనాన్ని భయపెడుతున్నారు. అన్నం మానితే షుగర్ తగ్గుతుందా లేదా? మా మెంబర్ ఒకాయన మాత్రలన్నీ పడేశాడు!

డాక్టర్: నా భయం అదేనండి! ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు అదే డోసులో వాడుతూ అన్నం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం. మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగదు, లోపల కీటో ఆమ్లాలు పేరుకుపోతాయి. వాంతులు, ఆయాసం మొదలైతే ‘కీటోలో ఇది మామూలే’ అనుకుని ఇంట్లో ఉండిపోతారు. డోసు మార్చడం, ఆపడం డాక్టర్ చేతిలో...

కోచ్: (గొంతు పెంచి) కీటో కనిపెట్టిందే డాక్టర్లు! 1921లో!

డాక్టర్: మూర్ఛ రోగుల కోసమండి. అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన రసెల్ వైల్డర్ సూచించారు. గ్రాముల్లో తూచి, డాక్టర్ల కనుసన్నల్లో పెట్టే తిండి అది.

కోచ్: చూశారా, ఒప్పుకున్నారు!

యాంకర్: ఒప్పుకున్నట్టే ఉంది. మేడమ్, మా ఇంట్లో అన్నం మానేసి చోడి (రాగి) అంబలి తాగుతున్నాం. అదీ కీటోయే కదా?

డైటీషియన్: కాదండి. చోడి పిండిలో వందకి 65 పైనే కార్బ్స్. అంబలి మంచిదే, కీటో మాత్రం కాదు. ఇంకొందరు అన్నం మానేసి పప్పు గిన్నెడు లాగిస్తారు. కందిపప్పులోనూ సగానికి పైగా కార్బ్సే. గుడ్లు, చేపలు, తోటకూర, బీరకాయ, వంకాయ, వీటితో నడవాలి. చేపల పులుసులో బెల్లం ముక్క వెయ్యకూడదు. కంద, చేమ కూడా మానాలి...

కోచ్: ఇవన్నీ మా చార్టులో ఉన్నాయి మేడమ్. మళ్లీ చెబుతున్నా, మొదటి వారంలో మూడు కిలోలు! కాటా అబద్ధం చెప్పదు!

(ఈ మాట ఇంకో రెండుసార్లు వచ్చింది. డాక్టర్ మైకు ఎందుకో చిన్నగా వినిపిస్తోంది.)

యాంకర్: టైమ్ అయిపోతోంది. మొత్తానికి కోచ్ గారు చెప్పినట్టు, పట్టుదల ఉంటే కీటో ఎవరైనా చేయొచ్చు...

డాక్టర్: ఎవరైనా అని నేననలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా దీని జోలికి పోకూడదు. మిగతావాళ్లు కూడా కనీసం క్రియాటినిన్ పరీక్ష...

కోచ్: ఆ పరీక్ష మేం చేయించేస్తాం సార్. జిమ్ పక్కనే ల్యాబు. ప్యాకేజీలో కలిపేస్తాం.

డాక్టర్: రిపోర్టు ఎవరు చూస్తారండీ?

కోచ్: మేమే చూస్తాం.

యాంకర్: చాలా మంచి ఆఫర్. చిన్న బ్రేక్!