అద్దెకున్నవాళ్లూ మన కాలనీవాళ్లే

(హైదరాబాద్ మియాపూర్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, ఇంత ఎండలో వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, గోడ పక్కన నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండమ్మా.

కాలనీ చరిత్ర చెప్పమన్నారు. మనలో చాలామందిమి బీహెచ్‌ఈఎల్‌లోనో, ఆల్విన్‌లోనో, ఐడీపీఎల్‌లోనో, ఇలా ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లం. పీఎఫ్ లోన్ పెట్టి, ఇంట్లో బంగారం కుదువపెట్టి తలా రెండొందల గజాలు కొనుక్కున్నాం. అప్పట్లో కోఠి వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాకా బురదలో నడిచి 218 బస్సు ఎక్కాలి. మంజీరా మంచినీళ్ల లైను కోసం ఎన్ని ఆఫీసులు తిరిగామో ముందు వరసలోని పెద్దలకు తెలుసు. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీని జీహెచ్ఎంసీలో కలిపారు. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి మెట్రోని మన మియాపూర్‌లోనే ప్రారంభించారు. 2023 ఆగస్టులో కోకాపేట ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులో మన గజం ఎంతకు పోతుందని ఒకటే చర్చ.

చరిత్ర ఇంతే. ఈ గజం సంగతే మాట్లాడాలని వచ్చాను.

రేటు పెరిగితే అమ్ముకుని వెళ్లేవాడికి లాభం. ఇక్కడే ఉండేవాడికి ఏం వస్తుంది? నా ఇల్లు అమ్మితే ఆ డబ్బుకి ఇదే కాలనీలో ఇలాంటి ఇల్లే వస్తుంది, రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం ఎదురు కట్టాలి. నా పెన్షన్ పెరగలేదు. మన పిల్లలకు ఇద్దరి జీతాలు కలిపినా ఇక్కడ ఫ్లాట్ కొనాలంటే ఇరవై ఏళ్ల ఈఎంఐ. ఉండేవాడికి కావలసింది పక్కింటి మనిషి. ఆ మనిషినే పోగొట్టుకుంటున్నాం.

మూడో లైన్లో అద్దెకున్న టీచరమ్మ మీకందరికీ గుర్తుందా? ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పేది. సాయంత్రం మెట్ల కింద చాప పరిచి మన పిల్లలకు లెక్కలు చెప్పేది. వాచ్‌మన్ పిల్లల దగ్గర పైసా తీసుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, పాలు ఎవరు తెచ్చారు? ఆవిడా, ఆవిడ భర్తా. కామెర్లొచ్చి మా ఇంటావిడ మంచం మీదుంటే నెలరోజులు చప్పిడి కూర వండి పంపింది. ఎందుకమ్మా అంటే, "మా అమ్మకైతే చెయ్యనా అంకుల్" అంది.

అలాంటి కుటుంబానికి డిసెంబరులో, పెద్దమ్మాయి పదో తరగతిలో ఉండగా, నెల రోజుల టైమిచ్చి ఖాళీ చెయ్యమన్నారు. ఐటీ వాళ్లు ఎక్కువ ఇస్తున్నారట. నేను స్వయంగా వెళ్లి ఇంటి ఓనర్ని అడిగాను, పరీక్షలయ్యేదాకా ఆగమని. "మార్కెట్ రేటండీ, నేనేం చేసేది" అన్నారు. వాళ్లు పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వెళ్లిపోయారు. ఆ పిల్ల రెండు బస్సులు మారి వచ్చి పరీక్షలు రాసింది. పదో తరగతి పిల్లండీ!

ఇల్లు ఓనర్లది, హక్కు ఓనర్లది, కాదనను. ఐటీ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లూ రేపో మాపో ఇలాగే వెళ్లిపోవలసినవాళ్లే. కానీ బోరు ఎండిపోయినప్పుడు కొత్త బోరుకి టీచరమ్మా చందా ఇచ్చింది. వినాయక చవితికి ఇచ్చింది. నెల నెలా మెయింటెనెన్స్ కట్టింది. అయినా ఈ సంఘంలో ఆవిడకు ఓటు లేదు. మన బైలా, అంటే సంఘం నియమావళి ప్రకారం ఓనర్లే సభ్యులు. ఆవిడ తన గోడు ఈ మైకులో చెప్పుకునే వీలు కూడా లేదు.

కార్యదర్శి గారూ, ఇంకుడు గుంతల గురించి కూడా చెప్పమన్నారు, గుర్తుంది. వానలు పడకముందే తవ్వించండి, ఖర్చులో నా వాటా రేపే ఇస్తాను. ఇది మాత్రం పూర్తి చెయ్యనివ్వండి.

2021లో కేంద్రం ఒక మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని, ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని అందులో ఉంది. మాదిరి చట్టం కాబట్టి రాష్ట్రాలు విడిగా తెచ్చుకోవాలి. మనం పాటించడానికి అసెంబ్లీ దాకా వెళ్లాలా? ఒక తీర్మానం చాలు.

అందుకని అడుగుతున్నాను. ఏడాదికి మించి అద్దెకున్నవాళ్లకు సంఘంలో సభ్యత్వం, ఓటు ఇద్దాం. అద్దె పెంచినా ఖాళీ చెయ్యమన్నా మూడు నెలల ముందు కాగితం మీద చెబుదాం. పిల్లలు చదువుకునే ఇంట్లో స్కూలు సంవత్సరం మధ్యలో ఖాళీ చేయించవద్దు. ఏడాదికి పది శాతం పెంపు ఇప్పుడూ ఉన్నదే, దాన్ని దాటవద్దు. సంతకాల కాగితం ఆ బల్ల మీద పెట్టాను. మొదటి సంతకం నాది, నా పై పోర్షన్ కూడా ఇందులోకే వస్తుంది. మీలో ఇద్దరు ముగ్గురికి ఇది నచ్చదని తెలుసు, లేచి ఎందుకు నచ్చదో చెప్పండి, కూర్చుని వింటాను. ఒప్పుకున్నవాళ్లు భోజనాలకు లేవకముందే సంతకం పెట్టండి.