పూత రాలిన ఏడు

శ్రోతలందరికీ నమస్కారం. క్రైస్తవ సంఘాల్లో ఉండి వింటున్నవాళ్లకు వందనాలు.

2021-22 సీజన్‌ను మన వరంగల్, ములుగు, మహబూబాబాద్ మిర్చి రైతులు అంత తొందరగా మరిచిపోరు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు అది. పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నల్లటి నలకల్లాంటివి పాకుతూ కనబడేవి. మందు మీద మందు కొట్టారు. అయినా పూత నిలవలేదు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పెట్టినవాళ్లు చివరికి తోట పీకేసి గట్టు మీద కూర్చున్నారు.

అలాంటి ఇంటికి పోయి "సంతోషంగా ఉండండి, దేవుడున్నాడు" అనడం మనకు తేలికే. వినేవాళ్లకే కష్టం.

బైబిల్లో హబక్కూకు అనే చిన్న పుస్తకం ఉంది, మూడే అధ్యాయాలు. చివర్లో ఆ ప్రవక్త అంటాడు: అంజూరపు చెట్టు పూయకపోయినా, చేలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు, కొట్టంలో పశువులు లేకపోయినా, నేను దేవునిలోనే ఆనందిస్తాను. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద చదువుతుంటాం ఈ మాట. కానీ అదే పుస్తకం మొదట్లో, నేను మొరపెడుతుంటే ఎన్నాళ్లు వినకుండా ఉంటావని అతను దేవుణ్ణే నిలదీశాడు. దాన్ని ఎవరూ క్యాలెండర్ మీద వేయరు! ఆ నిలదీత లేకుండా చివరి మాట ఒక్కటే తీసుకుంటే అది ఉత్త ధైర్యపు మాటలా వినబడుతుంది. కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాక అన్న మాట కాబట్టే పంట పోయినవాడు కూడా దాన్ని నమ్మగలడు.

విశ్వాసి ఏడవకూడదు అని మందలించే పెద్దలు కొందరున్నారు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా, మరి ఆయన్ను ఏమంటారో!

ఇక యేసు అపొస్తలుడు పౌలు సంగతి. ఫిలిప్పీ పట్టణంలో ఆయన్ను బెత్తాలతో కొట్టి, లోపలి చెరసాలలో వేసి, కాళ్లకు కొయ్య బొండ బిగించారు. అర్ధరాత్రి అక్కడి నుంచి పాట వినబడింది. ఆ కథ చెప్పేటప్పుడు తర్వాత చెరసాల తలుపులు తెరిచిన భూకంపం దగ్గరికి పరుగెత్తుతాం గానీ, నాకైతే పక్కనే బందీగా ఉన్న తోటి సేవకుడు సీల ముఖ్యం. పాడింది ఇద్దరు. వీపు మండిపోతున్న రాత్రి ఒక్కడే ఉంటే పౌలుకు గొంతు పెగిలేదో లేదో.

తర్వాత అదే ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం నాలుగు అధ్యాయాలే, కానీ అడుగడుగునా ఆనందించండి అంటాడు. రాసేనాటికి ఆయన మళ్లీ బంధకాల్లోనే ఉన్నాడు. అయినా ఆ ఉత్తరంలో బాధ దాచుకోలేదు. ఎపఫ్రొదితు అనే స్నేహితుడు చావు దాకా పోయి బతికాడని, లేకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని రాశాడు. ఫిలిప్పీ ఉన్న మాసిదోనియ సంఘాల గురించి ఇంకోచోట చెబుతూ, వాళ్లు కటిక పేదలని, బాగా కష్టాలు పడ్డారని, ఆ స్థితిలోనే సంతోషంగా ఎక్కువ ఇచ్చారని అంటాడు.

ఇదెలా సాధ్యమో తెలియాలంటే డోర్నకల్ దాకా పోతే చాలు. 1912లో ఆ ప్రాంతానికి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన హయాంలో అక్కడి పల్లె సంఘాల్లో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి సంఘం కోసం పక్కన పెట్టేవారు. తమకే సరిపోని ఇంట్లో కూడా! ఆ పిడికెడు తీస్తున్నంతసేపు ఆమె సాయం కోసం చెయ్యి చాచే మనిషి కాదు, ఇచ్చే మనిషి. కష్టకాలంలో మనిషికి ముందుగా పోయేది ఆ గౌరవమే. అది తిరిగొచ్చిన చోట సంతోషం కూడా అడుగుపెడుతుందని నేననుకుంటాను.

కాబట్టి పంట పోయిన ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టినప్పుడు పదిమందీ డోలక్ పట్టుకుని పాడండి, ఆ ఇంటి ఇల్లాలు మాత్రం పాడకపోతే బలవంతం చేయొద్దు. ఆ పూట ఆమె వంతు కూడా మీరే పాడాలి. ఆ ఇంటాయనను తర్వాతి వారం ఇంకొకరి ఇంటికి తోడు తీసుకుపోండి, ప్రార్థన ఆయనతోనే చేయించండి.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ప్రార్థన ఒక్కటే చాలని ఊరుకోవద్దు. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ సంఘం అయ్యగారికి చెప్పండి, డాక్టరుకూ చూపించండి. ఫోన్ చేయడానికి మొహమాటపడే మనిషి ఇంట్లో ఉంటే, నంబరు మీరే కలిపి చేతికివ్వండి.

సెలవు, నమస్కారం.